మెదడు కణితులు: వలస జనాభా, జాతి భేదాలు

హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, హౌరాలోని షాలిమార్ స్టేషన్ నుంచి కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ విశాఖపట్నం, విజయవాడల మీదుగా చెన్నై వెళ్తుంది. ఈ మార్గంలో వలసలు పాతవే. ఖరగ్‌పూర్‌లో తెలుగు రైల్వే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇలాంటి జనాభాలో మెదడు కణితుల లెక్క కట్టడం కష్టం. భారత క్యాన్సర్ రిజిస్ట్రీలు కనీసం ఏడాదిగా ఆ ప్రాంతంలో నివసిస్తున్నవారినే లెక్కిస్తాయి. అరుదైన జబ్బు, చిన్న సమూహం కలిసినచోట రెండు మూడు కేసులతోనే రేటు తలకిందులవుతుంది.

2020 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఏటా లక్షమందికి సుమారు 3.5 మెదడు, నాడీమండల క్యాన్సర్లు వస్తాయి. భారత రేటు ఇంతకంటే తక్కువ. స్కానింగ్ అందకే ఈ తేడా అన్న అభ్యంతరంలో నిజముంది. 1971లో మొదలైన సీటీ స్కాన్ పల్లెలకు చాలా ఆలస్యంగా చేరింది. అయితే ఇంగ్లండ్‌లో, ఒకే ప్రభుత్వ వైద్యవ్యవస్థ కింద కూడా, దక్షిణాసియా మూలాలవారిలో గ్లయోమా (మెదడులోని ఆధార కణాల కణితి) శ్వేతజాతీయులకంటే తక్కువే. అమెరికాలో నల్లజాతీయులకు గ్లయోమా తక్కువ, మెనింజియోమా (మెదడు పొరల కణితి) ఎక్కువ. వైద్యం అందకపోవడమొక్కటే కారణమైతే రెండూ తగ్గాలి కదా! అందుకే వంశపారంపర్య జన్యుభేదాల పాత్రను తోసిపుచ్చలేం. అలాగని జాతినే కారణంగా చెప్పడమూ తొందరపాటే: చిన్నతనంలో తలకు తగిలిన రేడియేషన్ ఏ జాతివారికైనా ముప్పే.