కలకత్తాలో పుట్టిన యెత్తుగడ

చదరంగము భరతఖండమున జనించినదని మనము గర్వముతో చెప్పుకొందుము. కాని ఆ యాటలోని యొక ప్రసిద్ధ ప్రారంభవిధానము మన దేశీయుని చేతిలో మొలకెత్తి, అన్యుని పేర చెలామణి యగుచున్న సంగతి పెక్కురకు తెలియదు.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమున జాన్ కాక్రేన్ అను స్కాట్లండు దేశీయుడగు బారిస్టరు కలకత్తాలో నివసించుచుండెను. ఆయన మేటి ఆటగాడు. ఆయనతో పలుమారులు తలపడినవాడు మహేశచంద్ర బెనర్జీ యను వంగదేశీయుడు. నాటి దేశీయ చదరంగమున బంటు సాధారణముగా తొలి యెత్తునందును ఒక్క గడియే కదలును. అందుచే మనవారు తొందరపడక, ప్రక్క బంటును జరిపి, ఆ ఖాళీలో శకటును నిలిపి, దూరమునుండియే నడిమి గడులపై దృష్టి సారించెడివారు.

1855 మే నెలలో వారిరువురును ఆడిన యొక యాటలో మహేశచంద్రుడు నల్ల పావులు పట్టెను. మొదట గుఱ్ఱమును వెలికి దీసెను. రెండవ యెత్తున దేశీయపు టలవాటు ననుసరించి ప్రక్క బంటును ఒక్క గడి జరిపెను. మూడవ యెత్తున పాశ్చాత్య నియమము ననుసరించి మంత్రి బంటును రెండు గడులు నడిపెను. నాలుగవ యెత్తున శకటును ఆ ఖాళీలో నిలిపెను. పాత చేతివాటమును కొత్త నియమమును ఒకే బల్లపై కలసినవి. ఆ యాట కాక్రేన్ గెలిచెను.

అటుపిమ్మట 1922లో ఆస్ట్రియా దేశీయుడగు ఎర్నెస్ట్ గ్రూన్‌ఫెల్డ్ ఇదే పద్ధతితో వియన్నాలో అలెఖిన్ అంతటివానిని ఓడించెను. నాటినుండి అది గ్రూన్‌ఫెల్డ్ డిఫెన్సు అయినది. 1848లో మహేశచంద్రునిపై రెండు బంట్లకై గుఱ్ఱమును బలియిచ్చిన యెత్తుకు మాత్రము కాక్రేన్ పేరే నిలిచియున్నది!

ఈ కథకు మన తెలుగువారితోను సంబంధము కలదు. 2024 డిసెంబరు 12వ తేదీన సింగపూరులో ప్రపంచ విజేత పోటీ తుది యాట జరిగెను. చైనా వీరుడు డింగ్ లిరెన్ తెల్ల పావులతో ఆ గ్రూన్‌ఫెల్డ్ వ్యూహమునే రంగు మార్చి పన్నెను. 55వ యెత్తున ఏనుగును తప్పు గడికి జరిపెను. 58 ఎత్తులలో జయము చెన్నపట్టణమున పుట్టి పెరిగిన తెలుగుబిడ్డ, 18 ఏండ్ల దొమ్మరాజు గుకేశ్‌ను వరించెను.

కాక్రేన్ ఆ యాటలను వ్రాసి యుంచుటచేతనే మహేశచంద్రుని ప్రజ్ఞ నేడు మనకు తెలియుచున్నది. ఆయనతో సమానులైన దేశీయ క్రీడాకారుల యాటలు ఎన్నియో వ్రాతకెక్కక మాసిపోయి యుండును. పొరుగు రాష్ట్రములలో తరతరములుగా వసించుచున్న మనవారును తమ పెద్దల నేర్పులను, వారి పేళ్లతో సహా, వ్రాసి యుంచుట యుక్తము.