ఉమ్మడి గోడ

మా పెద్దమ్మ తన వంటింట్లో మేకు కొట్టాలంటే పక్కింటి సేఠానీని అడగాల్సి వచ్చేది. అత్తగారిని అడగక్కర్లేదు, పెదనాన్ననైతే అసలే అడగక్కర్లేదు. సేఠానీని మాత్రం అడిగి తీరాలి. ఎందుకంటే పెద్దమ్మ వంటింటి గోడకి అవతలి వైపే ఆవిడ పూజగది. ఒకసారి కేలండరు తగిలించడానికని చెప్పాపెట్టకుండా మేకు దిగ్గొడితే, అవతల కృష్ణుడి పటం ఊడి కిందపడిందిట! వారం రోజులు మాటల్లేవు. ఎనిమిదో రోజున ఉల్లిపాయ వెయ్యని గోంగూర పచ్చడి గిన్నెడు అటు వెళ్ళింది. ఆ గిన్నె ఖాళీగా రాలేదు, బూందీ లడ్డూలతో తిరిగొచ్చింది. అంతే, రాజీ కుదిరిపోయింది.

ఇదంతా మద్రాసు జార్జిటౌనులో సంగతి. 1980లలో వేసవి సెలవలకి నెల్లూరు నుంచి వెళ్ళి, సెంట్రల్‌లో రైలు దిగి, రిక్షాలో మూటల మధ్య మూటల్లా కూచుని ఆ సందుల్లోకి వెళ్ళేవాళ్ళం. పెదనాన్నకి ఆండర్సన్ వీధిలో కాగితాల కొట్లో లెక్కలు రాసే ఉద్యోగం. అందుకని పెళ్ళి శుభలేఖల మిగులు కాగితాల మీదే మేం బొమ్మలేసుకునేవాళ్ళం.

ఇల్లు వెడల్పు చూస్తే రెండు చేతులు బారజాపితే అయిపోతుందేమో అనిపించేది. పొడవు చూస్తే మాత్రం ఈ వీధిలో మొదలై వెనక వీధి దాకా. ముందు తిన్నె, తర్వాత చీకటి నడవ, నడుమ ఆకాశం కనిపించే మండువా, దాని చుట్టూ పోర్షన్లు. కింద మా పెద్దమ్మా, ఒక తమిళ మొదలియార్ కుటుంబమూ. మిద్దె మీద గుజరాతీవాళ్ళు. అందరికీ కలిపి ఒకటే కుళాయి. తెల్లవారుజామున నాలుగింటికి బిందెల వరసలో నాలుగు భాషల్లో పోట్లాట సాగేది. ఎవరి భాషలో వాళ్ళు తిట్టుకునేవారు, అందరికీ అన్నీ అర్థమయ్యేవి!

ఆ ఇళ్ళ కప్పుల్ని మద్రాసు టెర్రేసు అంటారు. టేకు దూలాలు పరిచి, సన్నటి చిన్న ఇటికల్ని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, ఏటవాలు వరసల్లో సున్నంతో అతుకుతారు. ఆ సున్నంలో బెల్లం నీళ్ళూ, కరక్కాయ రసమూ పోసేవారు. "ఈ మిద్దె తిన్నంత బెల్లం నా పిల్లలు తినలేదే" అనేది పెద్దమ్మ.

నాకు ఊహ తెలిశాక, బి.ఏ.లో చరిత్ర చదువుకున్నాక, ఇన్ని రకాల మనుషులు ఇక్కడికెందుకు చేరారా అని ఆలోచించాను. 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషువాళ్ళకి సముద్రపొడ్డున స్థలం ఇచ్చాడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరే చెన్నపట్నానికి వచ్చిందని చెప్తారు. కోట లోపల తెల్లవాళ్ళు, బయట నల్లవాళ్ళ బస్తీ. దాని పేరే 'బ్లాక్ టౌన్'. మన తెలుగు వర్తకులూ, నేతగాళ్ళూ అక్కడే చేరారు. గోలకొండ రవ్వల కోసం యూదులొచ్చి పగడాలిచ్చి వజ్రాలు కొనుక్కుపోయారు. ఆ వీధి ఇవాళ్టికీ పగడాల వర్తకుల వీధే. ఆర్మీనియావాళ్ళు 1772లో కట్టుకున్న చర్చి ఆర్మీనియన్ వీధిలో అలాగే ఉంది. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మీనియను పత్రిక 'అజ్దరార్' 1794లో అచ్చయింది వాళ్ళ దేశంలో కాదండీ, ఈ మద్రాసులోనే! తర్వాత గుజరాతీలూ, మార్వాడీలూ వచ్చారు, షావుకారుపేట వాళ్ళదయింది.

అలాగని అందరూ అన్నదమ్ముల్లా ఉన్నారనుకునేరు. కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాలు అని రెండు జట్లు. ఏ వీధిలో ఎవరి పెళ్ళి ఊరేగింపు వెళ్ళాలన్న దగ్గర తలలు పగిలేవి. 1707లో గొడవ ముదిరితే, గవర్నరు థామస్ పిట్ హయాములో పెద్దనాయకన్‌పేట కుడిచేతివాళ్ళకి, ముత్యాలపేట ఎడమచేతివాళ్ళకి అని వీధులు పంచి పెట్టారు.

ఇళ్ళు కూలగొట్టడం కూడా ఆ పేటకి కొత్తేమీ కాదు. 1746లో ఫ్రెంచివాళ్ళు మద్రాసు పట్టుకుని బ్లాక్ టౌన్‌లో చాలా భాగం నేలమట్టం చేశారు. తిరిగొచ్చిన ఇంగ్లీషువాళ్ళు, కోట ముందు ఫిరంగులకి అడ్డం ఉండకూడదని మిగిలిందీ తీసేశారు. ఇప్పుడు హైకోర్టు ఉన్నది ఆ పాత ఇళ్ళ నేల మీదే. ఆ మనుషులంతా ఉత్తరానికి జరిగితే ఏర్పడ్డదే నేటి జార్జిటౌను. ఇక ఇళ్ళు కట్టరాదని 1773లో పదమూడు హద్దురాళ్ళు నాటారు. ప్యారీస్ మూల మీద ఒక్కటి మిగిలింది.

హైదరలీ భయంతో ఊరి చుట్టూ పెద్ద గోడ కట్టి, ఆ ఖర్చు జనం దగ్గర పన్నుగా రాబట్టాలని చూశారు. పన్ను వసూలు కాలేదు గానీ 'వాల్‌టాక్స్ రోడ్డు' అన్న పేరు మాత్రం నిలిచిపోయింది. గోడ కూడా పోయింది. రాయపురం వైపు ఒక ముక్క, దాని మీద ఒక పార్కు మిగిలాయి. సర్కారు కట్టిన గోడ గతి అది.

మరి ఆడవాళ్ళ మాటేమిటి? వీధుల పేర్లు చూడండి: తంబుచెట్టి, లింగిచెట్టి, గోవిందప్ప నాయకన్. అందరూ మగవాళ్ళే. కానీ రామకృష్ణచెట్టి వీధిలో శుక్రవారం సాయంత్రాలు వీణ ధనమ్మాళ్ ఇంట్లో కచేరీ అంటే పట్నంలో పెద్ద పెద్ద విద్వాంసులు వచ్చి నోరు మూసుకుని కూచునేవారు. క్షేత్రయ్యగారి తెలుగు పదాలు ఆ అరవ ఇంట్లోనే భద్రంగా బతికాయి. ఈ జార్జిటౌనులోనే కాపురమున్న బెంగుళూరు నాగరత్నమ్మ, ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ని 1910లో వావిళ్ళవారి చేత అచ్చువేయించింది. ఆడది ఇలా రాయడమా అని సర్కారు మరుసటేడే నిషేధించింది. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం వచ్చేదాకా ఆ నిషేధం పోలేదు. వీళ్ళ పేర కూడా ఒక్కో వీధి ఉంటే ఎంత బాగుండును అనిపిస్తుంది నాకు.

పొట్టి శ్రీరాములుగారు పుట్టింది కూడా ఇక్కడే, 1901లో, అణ్ణాపిళ్ళై వీధిలో. ఆయన ప్రాణం పోయాక 1953లో మనకి రాష్ట్రం వచ్చింది, మద్రాసు మాత్రం రాలేదు. పెద్దమ్మ అత్తవారు ఉన్నచోటే ఉండిపోయారు. "హద్దు మమ్మల్ని దాటిపోయింది, మేం ఎక్కడికీ పోలేదు" అనేది పెద్దమ్మ నవ్వుతూ.

ఆవిణ్ణి కదిలించింది హద్దు కాదు, అద్దె. 1960 నాటి అద్దె చట్టం మూలాన అప్పట్లో అద్దెలు పెరిగేవి కావు. అద్దె పెరగదు గనక యజమాని దూలం మార్చేవాడు కాదు. వానాకాలం వస్తే మండువాలోనే కాదు, మంచం మీదా వానే. ఎవరు ఖాళీ చేస్తే వాళ్ళ పోర్షను గోడౌనయ్యేది. సరుకైతే అద్దె ఎక్కువ తెస్తుంది, పైగా నీళ్ళడగదు, పిల్లల్ని కనదు! 1996లో కొత్వాల్ చావడి కూరల బజారు కోయంబేడుకి తరలిపోయింది. ఆ ఏడే మద్రాసు చెన్నై అయింది. మరి కొన్నాళ్ళకి పెద్దమ్మ కొడుకు దగ్గరికి అంబత్తూరు వెళ్ళిపోయింది. ఫ్లాటులో ఇరవైనాలుగ్గంటలూ నీళ్ళు. "హాయిగానే ఉందే" అంది. కాసేపాగి, "ఇక్కడ మేకు కొడితే అడిగేవాళ్ళే లేరు" అంది.

ఆమధ్య పనిమీద చెన్నై వెళ్ళి, ఉండబట్టలేక ఆ సందులోకి వెళ్ళాను. ఇల్లు లేదు. పునాది గుంత, ఇసుక కుప్ప. కానీ ఒక గోడ మాత్రం నిలబడి ఉంది, సేఠానీ ఇంటి గోడ. అంటే పెద్దమ్మ వంటింటి గోడ. పొయ్యి ఉన్నచోట ఎత్తుగా మసి. పోపుల డబ్బా పెట్టుకునే గూడు. దాని పక్కన, తుప్పు పట్టిన మేకు.

నేను అలా చూస్తూ నిలబడితే పక్కింటి మేడ మీద నుంచి ఒకావిడ ఎవరు కావాలని తమిళంలో అడిగింది. సేఠానీ కోడలట. ఫలానా అని చెప్పాను. కిందికి దిగి వచ్చింది, చేతిలో మంచినీళ్ళ చెంబుతో. "పడగొట్టేవాళ్ళు ఈ గోడ కూడా తీస్తామన్నారు. మా అత్తగారు పూజగదిలోంచి లేవనని కూచుంది" అని చెప్పింది.

సేఠానీగారికి ఇప్పుడు ఎనభై దాటాయి. లోపలికి తీసుకెళ్ళారు. నన్ను గుర్తుపట్టలేదు గానీ, పెద్దమ్మ పేరు చెప్పగానే గోడకేసి చూపించి ఒక్కటే అడిగింది: "గోంగూర తెచ్చావా?"