కవాతులో నొంటరివాడు

మన అనంతపురము జిల్లాలో వాన దైవాధీనము. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు కురిసిన మంచి యేడందుము. వేరుసెనగ యెండిన యేట పడుచువాండ్రు పటాలమునకు బయలుదేరుదురు. నేను చదువు చెప్పినవారిలోను అట్లు పోయినవారు కలరు. మదరాసు రెజిమెంటున చేరినవాడు నీలగిరులలోని వెల్లింగ్టనునకు పోవును. అచ్చట అందరికి ఒకే దుస్తు, ఒకే పంక్తి, ఒకే అడుగు. ఊరును కులమును మరపించి, ప్రక్కవానికై ప్రాణమిచ్చు చెలిమిని నేర్పుటయే ఆ శిక్షణకు పరమార్థము.

ఆ పంక్తిలో పురుషునియందే అనురాగము కలుగు స్వభావముగల యువకుడొకడున్నయెడల వాని గతి యేమి? తోడివారు పెండ్లిమాట లాడుకొనువేళ వాడు మౌనము వహించును. నలుగురిలో నుండియు నొంటరివాడు. ఈ దాపరికమునకు చరిత్ర కలదు.

ఆంగ్లేయులు 1860లో చేసిన శిక్షాస్మృతి 1862 జనవరి 1 నుండి అమలయ్యెను. అందలి 377వ సెక్షను ఇట్టివారి కలయికను నేరముగ నెంచెను. స్వతంత్ర భారతమున 1950 నాటి సైనిక చట్టము సైతము, తన 46వ సెక్షనులో, ప్రకృతివిరుద్ధమగు నడవడికి ఏడేండ్లవరకు చెరసాల విధించినది.

2018 సెప్టెంబరు 6న సుప్రీముకోర్టు న్యాయమూర్తు లైదుగురు, వయస్సు వచ్చినవారి సమ్మతితోడి సంబంధము నేరము కాదని ఏకగ్రీవముగ తీర్పు చెప్పిరి. ఆ పాత శిక్షాస్మృతియే 2024లో తొలగినది. సైనిక చట్టము మాత్రము నిలిచియున్నది. సైనికుల ప్రాథమిక హక్కులను పార్లమెంటు పరిమితము చేయవచ్చునని రాజ్యాంగపు 33వ అధికరణము చెప్పుచున్నది. 2019 జనవరిలో నాటి సైన్యాధిపతి జనరల్ బిపిన్ రావత్, సైన్యమున దీనికి తావీయమని పలికెను. కొలువు విడిచిన పిదప 2020లో తన స్వభావమును వెల్లడించిన మేజర్ జె. సురేశ్ కథ ప్రేరణగా ఓనిర్ చలనచిత్రము తీయబూనగా, 2022లో రక్షణశాఖ అనుమతి నిరాకరించెను.

సైన్యమునకు క్రమశిక్షణ ప్రాణమని కొందరందురు. సత్యమే. అయినను మనకా చట్టము నిచ్చిన ఆంగ్లదేశమే 2000 జనవరి 12న తన సైన్యమున నీ నిషేధమును తొలగించెను. అందువలన వారి సేన చెదరలేదు. పైగా 2023 జూలైలో వారి ప్రధానమంత్రి, పూర్వము వెడలగొట్టబడిన సైనికులకు క్షమాపణ చెప్పెను.

పెద్దలారా! చట్టమును మార్చుట ఢిల్లీ పని. సెలవుపై వచ్చినవానిని ఆదరించుట మన పని. పెండ్లి చేసిన చక్కబడునని బలవంతపెట్టిన, పరాయి యింటి ఆడుబిడ్డ బ్రతుకును గూడ చెరచినవార మగుదుము. వాడు మన సరిహద్దును కాయుచున్నాడు. మన రచ్చబండ చెట్టునీడలో వానికింత చోటీయలేమా?