నాగర్‌కర్నూల్ లో కనపడని అక్షరం

మాది వనపర్తి. మా నాయినకి ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడం రాదు, నేర్చుకొమ్మని నేనూ అనలేదు. ఫోన్లో తెలుగు కీబోర్డు పెట్టిచ్చా. అంతా బానే ఉంది, ఒక్క ఊరి పేరు తప్ప. "నాగర్ అని కొట్టి క కొడితే ర కిందికి పోతున్నది, గిదేందిరా?" అన్నాడు. చూస్తే నిజమే, "నాగర్కర్నూల్" అని పడింది. ఆ ఊరి బస్సు బోర్డు మీద కూడా ఎప్పుడూ అలా చూడలేదు.

సాఫ్ట్‌వేర్ కొడుకుకి ఇది పరువు సమస్య. సరే మనమే ఒక కీబోర్డు రాద్దాం, రెండు శనాదివారాల పని అనుకున్నా (మన ఎస్టిమేట్లు ఎప్పుడు నిజమయ్యాయి గనక!).

మా మూడు ఊళ్ళనే టెస్ట్ కేసులుగా పెట్టుకున్నా. గద్వాల చదివేవాడికి 3 అక్షరాలు, యూనికోడ్ కి 6 కోడ్ పాయింట్లు. వనపర్తి 4, కానీ 7. నాగర్‌కర్నూల్ కి ఏకంగా 13 కావాలి, అందులో ఒకటి కంటికే కనపడదు. ర్ పక్కనొచ్చిన క వత్తుగా మారకుండా మధ్యలో అడ్డం నిలబడే ఆ అక్షరం పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. నాయిన వాడిన కీబోర్డులో దానికి మీట కనపడలేదు. ఉన్నా దాన్ని ఏ పేరుతో పిలిచి చూపిస్తాం?

సీసపు అచ్చుల కాలంలో ఈ గొడవే లేదు. మా గద్వాల వైపు మనిషి సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. ఆ రోజుల్లో కంపోజిటర్ పొల్లు కావాలంటే పొల్లు అచ్చు, వత్తు కావాలంటే వత్తు అచ్చు ఏరి పేర్చేవాడు. పేర్చిందే కాగితం మీద పడేది.

కంప్యూటర్ల కోసం 1980ల్లో ఇస్కీ తయారైనప్పుడు రెంటికీ ఒకే గుర్తు సరిపెట్టారు. హల్లు, ఆ గుర్తు, ఇంకో హల్లు వరసగా వస్తే వత్తు. పొల్లుగానే ఉంచాలంటే గుర్తుని రెండుసార్లు కొట్టాలి. 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చింది. తెలుగుకి ఇచ్చిన 128 గడుల్లో అక్షరాల వరస ఇస్కీ నుంచే తీసుకున్నారు గానీ, ఈ రెండుసార్లు కొట్టే పద్ధతి తీసుకోలేదు. పారసీకం రాసేవాళ్ళకి కూడా అవసరమయ్యే ఆ కనపడని అక్షరాన్నే ఇక్కడా వాడమన్నారు. నా మటుకు నాకు ఇస్కీ పద్ధతే నయమనిపిస్తుంది. రెండుసార్లు కొట్టానన్న సంగతి కనీసం వేలికైనా గుర్తుంటుంది.

లేఖిని లాంటి వాటిలో రోమన్ అక్షరాలతో కొట్టేవాళ్ళకి దీనికో టోపీ గుర్తు దొరికింది. మన ఐటీ జనం దానితో సుఖంగా బతికేశాం. నాయిన లాంటివాళ్ళు ఆ లెక్కలోకే రాలేదు.

ఫోన్ల కథ ఇంకా విచిత్రం. బయటివాళ్ళు కూడా కీబోర్డు రాసి పెట్టుకునే వీలు ఆండ్రాయిడ్ కి 1.5 వెర్షన్ తో, 2009లోనే వచ్చింది. తెలుగు అక్షరాలు చూపించడం మాత్రం 2012లో, 4.1 తో. ఆ మూడేళ్ళూ ఫోన్ కంపెనీ తనంతట తాను ఫాంటు వేస్తే తప్ప, ఎంత మంచి కీబోర్డు రాసినా తెర మీద డబ్బాలే. ఐఫోన్ లో బయటి కీబోర్డులకి 2014 దాకా తలుపే తియ్యలేదు. 2018 ఫిబ్రవరిలో ఒక్క "జ్ఞా" వచ్చి ఐఫోన్ యాప్ లని కూలగొట్టింది గుర్తుందా? ఆ వరసలో కూడా మధ్యన ఈ కనపడని అక్షరమే ఉంది. తప్పు దానిది కాదు, చూపించే కోడ్ ది. 11.2.6 అప్‌డేట్ తో సరిచేశారు.

ఇక నా కీబోర్డు. వత్తుకో మీట, పొల్లుకో మీట విడిగా పెట్టా. పొల్లు మీట నొక్కితే గుర్తూ, కనపడని అక్షరమూ రెండూ కలిసి పడతాయి. నాయినకి చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. మర్నాడే ఫోన్ చేశాడు. "నాగర్ అని కొట్టి చెరిపేద్దామంటే, ఒకసారి నొక్కితే ఏం పోతలేదు, ఫోన్ ఖరాబైందా?"

ఖరాబైంది నా కోడ్. ఆండ్రాయిడ్ లో కీబోర్డు అనేది ఒక సర్వీసు. యాప్ లోని అక్షరాలని అది తిన్నగా ముట్టుకోలేదు, "వెనకున్న ఒకటి తీసెయ్" అని అడగాలి. నేను ఒకటి తియ్యమన్నా, అది కనపడనిదాన్ని తీసేసింది! ఇద్దరినీ కలిపి తీసేలా మార్చా.

తర్వాత తెలిసింది ఇంకో తంటా. మాట చివరున్న ల్ తర్వాత కూడా ఆ అక్షరం ఉండిపోతోంది. చూడ్డానికి రెండు "కర్నూల్"లూ ఒకటే, వెతికితే మాత్రం ఒకటి దొరికి ఇంకోటి దొరకదు. అందుకే ఇప్పుడు ఖాళీ మీట నొక్కగానే చివరిదాన్ని నా కోడ్ తుడిచేస్తుంది. ఖాళీ కొట్టకుండా తిన్నగా పంపించేస్తే ఏం చెయ్యాలో ఇంకా తేలలేదు. నాయిన ఎప్పుడూ మాట చివర ఖాళీ కొట్టడు.