పిలిస్తేనే తెరుచుకునే తలుపు

అట్లాంటిక్ దాటి ప్రపంచ ప్రసిద్ధుడు కావడానికి ఏడాది ముందు చార్లెస్ లిండ్‌బర్గ్ టపా మోసే పైలట్. 1926 ఏప్రిల్ 15న ఉత్తరాల సంచులు వేసుకుని సెయింట్ లూయిస్ నుంచి షికాగోకు ఎగిరాడు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన వయసును ఆ రోజు నుంచే లెక్కపెట్టుకుంటుంది. 2026 ఏప్రిల్ 15కి దానికి నూరేళ్లు. ఈ నూరేళ్లలో ఆ సంస్థ విమానయానానికి నేర్పిన పాఠాలు చాలానే ఉన్నాయి. నాకు మాత్రం అందులో ఒక చిన్న కథ మీదే మనసు: ప్రయాణికుల్లో కొందరిని తానే ఎంచుకుని, కబురు పెట్టి, లోపలికి పిలిచి కూర్చోబెట్టిన కథ. ఆ పిలుపుకు ఇప్పుడు ఆ సంస్థలో కన్సియర్జ్‌కీ అని పేరు. యునైటెడ్‌లో గ్లోబల్ సర్వీసెస్, డెల్టాలో డెల్టా 360. వీటికి దరఖాస్తు ఉండదు. పిలవాల్సింది వాళ్లే.

దారిలో కొందరికి ప్రత్యేక మర్యాద దక్కడం పాత సంగతే. రోమన్ సామ్రాజ్యంలో ప్రభుత్వ టపా గుర్రాలూ బండ్లూ వాడుకోవాలంటే చక్రవర్తి ఇచ్చిన అనుమతి పత్రం ఉండాలి. అదీ రాచకార్యం మీద వెళ్లేవారికే. బిథినియా గవర్నరుగా ఉన్న ప్లినీ, భార్య తాతగారు చనిపోతే ఆమె తన మేనత్త దగ్గరికి వెళ్లడానికి అలాంటి పత్రం ఒకటి ఇచ్చేసి, తర్వాత ట్రాజన్ చక్రవర్తికి సంజాయిషీ ఉత్తరం రాసుకున్నాడు. చక్రవర్తి సరేనన్నాడు. కుబ్లాయ్ ఖాన్ మార్కోపోలో కుటుంబానికి బంగారు ఫలకాలిచ్చాడు. అవి చూపితే దారి పొడవునా గుర్రాలు, తిండి, కాపలా దొరికేవి. ఆ మార్కోపోలోనే మన మోటుపల్లి గురించీ, ఆ రాజ్యాన్ని ఏలిన రాణి గురించీ రాశాడు. ఆయన కన్నా దాదాపు యాభై ఏళ్ల ముందే, 1244లో, కాకతీయ గణపతిదేవుడు అదే మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. తుపానులో ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును పూర్వరాజులు లాక్కునేవారు, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప ఇంకేమీ ముట్టనని రాతి మీద చెక్కించాడు. ఖాన్ ఫలకం ఆయనకు నచ్చినవాళ్లకు. గణపతిదేవుడి మాట రేవుకొచ్చిన ప్రతి వర్తకుడికీ. ప్రయాణికుడికి మర్యాద చేయడంలో ఈ రెండు దారులూ అప్పటినుంచీ ఉన్నాయి. నా అభిమానం ఏ దారి మీదో దాచుకోను.

ఇక నేరుగా 1934 నవంబరుకు వద్దాం. న్యూయార్క్ మేయర్ ఫియొరెల్లో లా గార్డియా టి.డబ్ల్యు.ఎ. విమానంలో వచ్చి న్యూవార్క్‌లో ఆగాడు. అందరూ దిగారు, ఆయన దిగనన్నాడు. ‘నా టికెట్ మీద న్యూయార్క్ అని ఉంది, ఇది న్యూజెర్సీ’ అని భీష్మించాడు. చివరికి ఆయన్ని బ్రూక్లిన్‌లోని ఫ్లాయిడ్ బెనెట్ ఫీల్డ్‌కు తీసుకెళ్లక తప్పలేదు. తన నగరానికి సొంత విమానాశ్రయం కావాలన్న ఆయన పట్టుదలకు ఆ రోజు పెద్ద గుర్తు. క్వీన్స్‌లో 1939లో తెరిచిన విమానాశ్రయమే ఇవాళ ఆయన పేరు మోస్తోంది.

అప్పట్లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధ్యక్షుడు సి.ఆర్. స్మిత్. టెక్సస్‌లోని మినర్వా అనే ఊళ్లో 1899లో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి ఇల్లు విడిచిపోతే, తొమ్మిదేళ్లకే పనిలో చేరాడు. డగ్లస్ కంపెనీని ఒప్పించి డి.సి.-3 విమానాన్ని తయారుచేయించిన ఘనత ఆయనదే. 1936 జూన్‌లో అది న్యూయార్క్, షికాగోల మధ్య ఎగరడం మొదలైంది. ఆ విమానాలకు ఆయన ఫ్లాగ్‌షిప్ అని పేరు పెట్టాడు, నౌకాదళంలో సేనాధిపతి ఎక్కే ఓడకున్న పేరు. ఒక్కో విమానానికి ఒక్కో ఊరి పేరు తగిలించాడు. వాటిలో ఫ్లాగ్‌షిప్ నాక్స్‌విల్ ఇప్పటికీ ఫోర్ట్‌వర్త్‌లో స్మిత్ పేరిటి మ్యూజియంలో ఉంది.

టెక్సస్ ప్రభుత్వం స్మిత్‌కు గౌరవ రేంజర్ బిరుదిచ్చింది. కెంటకీలో గౌరవ కల్నల్ బిరుదులిచ్చే ఆనవాయితీ ఎలాగూ ఉంది. ఓడలున్నప్పుడు అడ్మిరళ్లూ ఉండాలిగా అనిపించింది ఆయనకు. తమ విమానాల్లో తరచూ తిరిగే ముఖ్యులను ‘ఫ్లాగ్‌షిప్ దళపు అడ్మిరల్’గా నియమిస్తూ పత్రాలు పంపాడు. సినిమా తారలకూ రాజకీయులకూ వెళ్లాయి. పేరులేకపోయినా ఆ సంస్థను అంటిపెట్టుకుని తిరిగిన మామూలు వర్తకులకూ వెళ్లాయి. ఆ కథలో నాకు ఇష్టమైనది ఈ రెండో జాబితా. తొమ్మిదేళ్లకే కూలికెళ్లినవాడు ఊరూరా తిరిగి సరుకమ్మే మనిషిని గుర్తుపట్టి అడ్మిరల్ అని పిలవడంలో నిజమైన ఆదరం ఉంది.

ఇదంతా కాగితం మీదే నడుస్తుండగా కొత్త విమానాశ్రయం వచ్చింది. మేడ మీద ఒక గదిని లా గార్డియా విలేకరుల సమావేశాలకనీ తన పనులకనీ అట్టిపెట్టుకున్నాడు. భవనమంతా విమాన సంస్థలకు అద్దెకిస్తామని ఒక సమావేశంలో ప్రకటిస్తే, ఒక విలేకరి ‘మరి ఈ గది?’ అని అడిగాడు. ‘ఇదీ అద్దెకే’ అన్నాడు మేయర్. అక్కడే ఉన్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఉపాధ్యక్షుడొకరు ‘అయితే మాకివ్వండి’ అన్నాడు. టికెట్ మీదున్న మాట కోసం విమానం దిగనన్న మనిషి, తన నోటి నుంచి వచ్చిన మాటకూ కట్టుబడ్డాడు. మద్యం లైసెన్సు వచ్చాక 1939లో ఆ గది అడ్మిరల్స్ క్లబ్ అయింది. ఇవాళ విమానాశ్రయాల్లో మనం చూసే లౌంజ్‌లన్నిటికీ అదే పెద్దన్న. రెండోది వాషింగ్టన్‌లో తెరిచారు. ఆ విమానాశ్రయమున్న వర్జీనియాలో అప్పటి చట్టం మద్యం అమ్మనిచ్చేది కాదు కాబట్టి, సభ్యులు తమ సీసాలు తామే తెచ్చి దాచుకోవడానికి ఫ్రిజ్‌లు పెట్టారు!

స్మిత్ ఇంత శ్రమ ఎందుకు పడ్డాడన్న దానికి వ్యాపార కారణమూ ఉంది. 1938 చట్టంతో ఛార్జీలు ప్రభుత్వ అదుపులోకి వెళ్లాయి. ధర తగ్గించి జనాన్ని లాగే వీలు లేనప్పుడు పోటీ పడాల్సింది మర్యాదలోనే. మూడు దశాబ్దాలకు పైగా ఆ తలుపు పిలుపు మీదే తెరుచుకుంది. ఎవరిని పిలవాలో, ఎవరిని పిలవకూడదో సంస్థ ఇష్టం. చివరకు ఇది వివక్ష అంటూ ఒక ప్రయాణికుడు కోర్టుకెక్కాడు. 1974లో పద్ధతి మారింది, రుసుము కట్టిన ఎవరైనా సభ్యులు కావచ్చన్నారు. స్మిత్ ఆతిథ్యాన్ని ప్రేమిస్తూనే, ఆ దావా వేసిన ప్రయాణికుడి పక్షానే నిలబడతాను.

1978లో ఛార్జీల మీద ప్రభుత్వ పట్టు సడలింది. 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఎ-అడ్వాంటేజ్ పథకం తెచ్చింది. తరచూ ప్రయాణించేవాళ్లెవరో తెలుసుకోవడానికి టికెట్లు నమోదయ్యే సేబర్ కంప్యూటర్‌లో మళ్లీమళ్లీ కనిపించే ఫోన్ నంబర్లను వెతికారు. అలా దొరికిన దాదాపు 1,30,000 మందినీ, అడ్మిరల్స్ క్లబ్‌లోని 60,000 మందినీ ముందుగానే చేర్చుకున్నారు. వారం తిరగకుండానే యునైటెడ్ కూడా మైలేజ్ ప్లస్ మొదలుపెట్టింది. ఇన్ని మైళ్లు తిరిగితే ఇంత ప్రతిఫలం అని అచ్చేసి ఇచ్చిన నియమం అది. పేరున్నవాడికీ లేనివాడికీ ఒకే లెక్క.

ఆ తర్వాత కథ ఇంత సాఫీగా సాగదు. మైళ్ల మీద మెట్లు వచ్చాయి, గోల్డ్, ప్లాటినం అంటూ. 2022 నుంచి అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో ఈ మెట్లు పాయింట్ల మీద నడుస్తున్నాయి. క్రెడిట్ కార్డుతో సరుకులు కొన్నా పాయింట్లే. ఇంట్లోంచి కదలకుండానే మెట్లెక్కవచ్చు. మెట్లన్నిటి పైనా, అర్హత ఇంత అని ప్రకటించకుండానే, పిలుపు మళ్లీ వచ్చి కూర్చుంది. 2009లో వచ్చిన ‘అప్ ఇన్ ది ఎయిర్’ సినిమాలో జార్జ్ క్లూనీ పాత్ర కోటి మైళ్ల కోసం తపిస్తుంది. ఆ అంకె చేరితే సంస్థ తనను పేరుపెట్టి గుర్తిస్తుందన్నది అతని ఆశ.

పిలుపు మీద దక్కే ఈ హోదా ఉన్నవారు అందరికన్నా ముందు విమానం ఎక్కుతారు. వాళ్లకు విడిగా ఫోన్ లైను ఉంటుంది. రెండో విమానానికి వ్యవధి చాలకపోతే విమానం పక్కకే కారు వచ్చి ఎక్కించుకుంటుంది, అట్లాంటాలో డెల్టా వాళ్లది పోర్షా. నిజమైన విలువ తెలిసేది మాత్రం తుపాను రోజున. డాలస్‌లో పిడుగుల వాన పడి విమానాలు రద్దయితే వందల మంది కౌంటరు ముందు బారులు తీరుతారు. హోదా ఉన్నవారికి కొత్త సీటు అప్పటికే వేసి ఉంటుంది. సరిగ్గా ఇక్కడే నాకు అభ్యంతరం. ముందు ఎక్కితే ఎవరికీ నష్టం లేదు. కానీ మిగిలిన నాలుగు సీట్లు ఎవరికి దక్కాలన్నది పైకి చెప్పని లెక్క మీద తేలకూడదు. ఆస్ట్రేలియాలో ఇది ఇంకా దూరం వెళ్లింది. క్వాంటాస్ ఛైర్మన్స్ లౌంజ్ కూడా పిలుపు మీదే. పార్లమెంటు సభ్యులు ఎందరో అందులో సభ్యులు, తమ ప్రయోజనాల రిజిస్టరులో ఆ సంగతి రాసుకుంటారు. క్వాంటాస్‌తో పోటీపడే ఖతార్ ఎయిర్‌వేస్ అదనపు విమానాలు అడిగితే 2023లో అక్కడి ప్రభుత్వం కాదన్నప్పుడు, జనానికి ఆ రిజిస్టరు గుర్తొచ్చింది.

డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కోల్లో మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. పిల్లల దగ్గరికని శంషాబాద్‌లో ఒంటరిగా విమానమెక్కే అమ్మలూ నాన్నలూ ఇంగ్లిష్ రాకపోయినా, మోకాళ్లు సహకరించకపోయినా చేరుకుంటున్నారు. టికెట్ తీసేటప్పుడే పిల్లలు వీల్‌చెయిర్ సాయం అడిగి పెడతారు. మెట్ల దగ్గర ఒకరు ఎదురొస్తారు, ఇమిగ్రేషన్ వరుస దాటిస్తారు, సామాను తీయించి బయట కొడుక్కో కూతురికో అప్పగిస్తారు. కన్సియర్జ్‌కీ ఉన్నవారికి జరిగేది కూడా దాదాపు ఇదే. కాకపోతే దీనికి పిలుపు అక్కర్లేదు, మైళ్లూ అక్కర్లేదు. 1986 నాటి అమెరికా చట్టం ప్రకారం నడవలేని ప్రయాణికులు ఎవరడిగినా విమాన సంస్థ ఈ సాయం చేసి తీరాలి, పైసా తీసుకోకుండా.