రాతి అచ్చు కాపాడిన కథలు

19వ శతాబ్దపు ఉర్దూ సాహిత్యం అనగానే మనవాళ్లు గాలిబ్‌తో మొదలెట్టి, సర్ సయ్యద్, హాలీల పేర్లు చెప్పి ఊరుకుంటారు. రాసినవాళ్ల సంగతి సరే, ఆ రాతల్ని పుస్తకాలుగా చేసి బజారుకు తెచ్చినవాళ్ల మాట ఎవరూ ఎత్తరు. ఇటీవలి పరిశోధకుల చూపు అటు మళ్లింది. 2007లో ఉల్రికె స్టార్క్ అనే విదుషీమణి లక్నోలోని నవల్ కిషోర్ ప్రెస్సు మీద పెద్ద గ్రంథమే వెలువరించారు.

మున్షీ నవల్ కిషోర్ (1836-1895) హిందువు. లాహోరు కోహినూర్ ప్రెస్సులో పనిచేసి, 1857 తిరుగుబాటులో లక్నో చితికిపోయిన మరుసటి ఏడే అక్కడ ప్రెస్సు పెట్టారు. ఖురాన్, హదీసు, ఫార్సీ కావ్యాలు, యునానీ వైద్యం, హిందూ పురాణాలు అన్నీ వేశారు. ఖురాన్ పనికి కూర్చునేవాళ్లు ముందు వజూ చేసుకునేవారని చెబుతారు.

అక్కడ ఉర్దూకు వాడింది రాతి అచ్చు. ఏటవాలుగా ఒకదానిపై ఒకటి వాలే నస్తాలీఖ్ అక్షరాలు సీసపు టైపుకు సులువుగా లొంగవు. అందుచేత కాతిబు జిడ్డు సిరాతో కాగితం మీద రాస్తే, ఆ రాత రాతి మీదికి దిగేది. రాయిని తడిపి సిరా రుద్దితే జిడ్డున్న చోటే అంటుకునేది. అంటే ఆ పుస్తకాల్లో మనం చూసేది ఒక మనిషి చేతిరాతే!

ఆ ప్రెస్సు చేసిన అసలు ఘనకార్యం వేరే ఉంది. దాస్తాన్‌గోలు రాత్రుళ్లు కూర్చోబెట్టి చెప్పే అమీర్ హమ్జా కథల్ని రాయించి, 1880ల నుంచి మొత్తం 46 సంపుటాలు వేసింది. అందులో ‘తిలిస్మ్-ఎ-హోష్‌రుబా’ తొలి నాలుగు సంపుటాలు ముహమ్మద్ హుసేన్ జాహ్‌వి, తర్వాతవి అహ్మద్ హుసేన్ ఖమర్‌వి. మరి సంస్కర్తలకేమో ఇలాంటి కాలక్షేపం గిట్టలేదు. నజీర్ అహ్మద్ నవల ‘తౌబతున్నసూహ్’ (1874)లో తండ్రి కొడుకు పుస్తకాల్ని తగలబెట్టేస్తాడు. ఆడపిల్లల చదువు కోసం కలం పట్టిన నజీర్ అహ్మద్‌ను తక్కువ చేయలేం గాని, ఆ మంట మాత్రం నాకు మింగుడుపడదు. దాస్తాన్లంటే పనికిమాలినవన్న అభిప్రాయం చదువుకున్నవాళ్లలో వందేళ్లు పాతుకుపోయింది.

దాన్ని కదిలించినవారు అలహాబాదు విమర్శకులు షంసుర్రహ్మాన్ ఫారూఖీ (1935-2020) గారు. 46 సంపుటాలూ కూడబెట్టి, చదివి, 1999 నుంచి వాటిపై వరుసగా గ్రంథాలు రాశారు. ఇవి చెవికోసం పుట్టిన కథలు, నవల కొలబద్దతో కొలిస్తే ఎలా అన్నది ఆయన వాదన. చెప్పిందే చెప్పడం నవలలో లోపమేమో, దాస్తాన్‌లో అదే పద్ధతి.

మన ఊళ్లలోనూ తాతలనాటి ట్రంకుపెట్టెల్లో పాత ఉర్దూ పుస్తకాలు ఉండకపోవు. పిల్లలకు ఆ లిపి రాక, అవి తూకానికి పోతున్నాయి. కాటాకు వేసేముందు మసీదు ఇమాంగారికో, ఉర్దూ మాస్టారికో ఒక్కసారి చూపండి. మొదటి పేజీలో ‘మత్బా మున్షీ నవల్ కిషోర్, లక్నో’ అని ఉందేమో చూసి చెబుతారు.