ఆకాశము నుండి చూచినవారు

1945 ఆగస్టు 6వ తేదీ ఉదయము 8 గంటల 15 నిమిషములకు జపాను దేశమందలి హిరోషిమా నగరముపై ఆటంబాంబు పడినది. మూడు దినములకు పిమ్మట నాగసాకిపై రెండవ బాంబు పడినది. ఆ సంవత్సరాంతమునకు హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 74,000 మంది మరణించిరని అంచనా. ఈ సంఖ్యలు మనము వినినవే. కాని ఆ బాంబులను మోసికొనిపోయిన విమానములలోని మనుష్యులు ఎవరు, పిదప ఎట్లు జీవించిరి, ఏమి చెప్పి వెళ్ళిరి అనునది అంతగా వినబడిన కథ కాదు.

1944 డిసెంబరులో అమెరికా సైన్యము ఉటా రాష్ట్రమందలి వెండోవర్ విమానస్థావరమున 509వ దళము అను ప్రత్యేక దళమును నెలకొల్పినది. దాని నాయకుడు 29 ఏండ్ల పాల్ టిబెట్స్. చాల ఎత్తునుండి ఒకే ఒక బరువైన బాంబును విడుచుట, విడిచిన వెంటనే విమానమును వేగముగా ప్రక్కకు త్రిప్పి దూరముగా పోవుట అను రెండు పనులను ఆ దళమువారు నెలల తరబడి అభ్యసించిరి. ఆ బాంబు ఎట్టిదో వారిలో చాలమందికి తెలియదు.

టిబెట్స్ తన విమానమునకు తల్లి పేరే పెట్టెను. అదియే 'ఎనోలా గే'. ఆగస్టు 6వ తేదీ తెల్లవారకముందే అది పసిఫిక్ సముద్రమందలి టినియన్ ద్వీపమునుండి 12 మందితో బయలుదేరినది. దారిలో విలియం పార్సన్స్ అను నౌకాదళాధికారి బాంబులో ప్రేలుడుమందు నమర్చెను. ఆయన సహాయకుడు మోరిస్ జెప్సన్ ఆకుపచ్చ ప్లగ్గులను తీసి ఎఱ్ఱ ప్లగ్గులు పెట్టెను. థామస్ ఫెరెబీ గురి చూచి బాంబును విడిచెను. అది 43 సెకండ్లకు నగరముపై, గాలిలోనే ప్రేలినది. దారి చూపిన థియోడర్ వాన్ కర్క్ వయస్సు అప్పటికి 24 ఏండ్లు. క్రింది నగరము మరుగుచున్న నల్లని తారువలె కనబడినదని ఆయన తరువాత అనేక పర్యాయములు చెప్పెను. అంత ఎత్తునుండి ఇండ్లు కనబడలేదు, మనుష్యులు కనబడలేదు.

యుద్ధము ముగిసినది. వీరందరి మనస్సులు ఒక్క తీరుగా లేవు. తాను చేసిన పనివలన యుద్ధము త్వరగా ముగిసి ఎందరో బ్రతికిరని టిబెట్స్ తుదివరకు నమ్మెను. రాత్రులు తనకు నిద్ర చక్కగా పట్టుచున్నదనియు చెప్పెడివాడు. వాన్ కర్క్ కూడ ఆ బాంబు ప్రాణములను నిలిపినదనియే వాదించెను. అయినను యుద్ధములు దేనిని పరిష్కరింపవనియు, లోకములో అణ్వస్త్రములు ఉండకుండుటయే మేలనియు వృద్ధాప్యమున ఆయనయే పలికెను.

బాంబు వేసిన వైమానికుడు పశ్చాత్తాపముతో మతి చెడినాడని ఒక కథ లోకమున వ్యాపించినది. అది క్లాడ్ ఈథర్లీని గూర్చిన మాట. ఆయన ఆనాడు ముందుగా పోయి హిరోషిమాపై మేఘములు లేవని కబురు పంపిన విమానమునకు నాయకుడే గాని, బాంబు వేసినవాడు కాడు.

సహచాలకుడు రాబర్ట్ లూయిస్ సంగతి వేరు. 1955లో అమెరికా టెలివిజను కార్యక్రమమొకదానిలో ఆయన హిరోషిమా నుండి వచ్చిన కియోషి తనిమోటో అను క్రైస్తవ బోధకుని ఎదుట నిలువవలసి వచ్చెను. బోధకుని పదేండ్ల కుమార్తె కూడ అచ్చట నుండెను. ఆ బాలిక శిశువుగా నున్నపుడు బాంబుదెబ్బకు కూలిన ఇంటిక్రింద చిక్కి బ్రతికినది. ఆమె లూయిస్‌ను ద్వేషముతో చూచుచుండెను. ఆనాటి సంగతి చెప్పుచు లూయిస్ కన్నీరు పెట్టుట చూచినంతనే తన ద్వేషము కరగిపోయినదని ఆమె పెద్దయైన పిమ్మట సభలలో చెప్పినది. పైనుండి చూచినవాడును, క్రింద నుండినవారును ముఖాముఖిగా కలిసికొనిన అరుదైన ఘట్టములలో ఇది యొకటి.

1995లో వాషింగ్టనులోని స్మిత్సోనియన్ మ్యూజియము అట్టి సమావేశమునే వస్తువులతో చేయ సంకల్పించినది. 'ఎనోలా గే' విమానభాగమును, హిరోషిమా శిథిలములలో దొరకిన వస్తువులను ఒకేచోట చూపవలెనని తలచినది. మాజీ సైనికుల సంఘములు తీవ్రముగా అభ్యంతరము చెప్పినవి. తమ త్యాగము మరుగుపడి, యుద్ధమారంభించినవారే బాధితులుగా కనబడుదురని వారి ఆవేదన. ఆ ప్రదర్శనము రద్దయినది. మ్యూజియము అధిపతి రాజీనామా చేసెను. విమానభాగము మాత్రము ప్రజలకు చూపబడినది.

సైనికుల ఆవేదన అబద్ధము కాదు. కాని రెండు సాక్ష్యములను వేరు చేసినచో ఏ ఒక్కటియు సంపూర్ణము కాజాలదు. పైనివారికి పొగ కనబడినది. క్రిందివారికి మెఱపు కనబడినది. ఈ రెండును చేరినపుడే ఆ ఉదయమున జరిగినదేమో మనకు తెలియును.

ఇప్పుడా సాక్షులు తరలిపోయిరి. టిబెట్స్ 2007లో మరణించెను. సమాధి కట్టినచో అది నిరసనలకు తావగునని తలచి, తనకు సమాధిఫలకము వలదని ముందే చెప్పెను. జెప్సన్ 2010లోను, 'ఎనోలా గే' సభ్యులలో చివరివాడైన వాన్ కర్క్ 2014లోను పోయిరి. హిరోషిమా వెంట పోయిన ఛాయాచిత్ర విమానమున దారి చూపిన రసెల్ గాకెన్‌బాక్ 2019లో కన్నుమూసెను. అటు జపానులో బాంబునుండి బయటపడి జీవించియున్నవారి సంఖ్య 2025లో మొదటిసారిగా లక్షకు లోపయినది. వారి సగటు వయస్సు 86 ఏండ్లు దాటినది.

నాగసాకిపై బాంబు విడిచిన కెర్మిట్ బీహాన్‌కు ఆ ఆగస్టు 9వ తేదీ జన్మదినము. నాటికి 27 ఏండ్లు నిండెను. నలువది ఏండ్ల తరువాత కూడ ఆయన క్షమాపణ చెప్పుటకు ఒప్పుకొనలేదు. కాని మనుష్యులపై ఆటంబాంబు వేసిన కట్టకడపటివాడుగా తానే ఎల్లకాలము మిగిలిపోవలెనని కోరెను. బీహాన్ 1989లో మరణించెను. ఆయన కోరిక నేటివరకు చెల్లుచునే యున్నది. దానిని ఇకముందును చెల్లించవలసిన వారు ఆ విమానములలో లేరు. ఆ కథ విన్నవారమందరమును అందుకు పూచీపడినవారమే.